మా నాయన చెవులు, మాజీ సైనికుల వైకల్య పింఛను: తిరుపతి నుంచి ఒక సమీక్ష

మా నాయన 1983లో ఫిరంగి దళంలో చేరి, ఇరవై నాలుగేళ్లు పనిచేసి, 2007లో హవల్దారుగా ఇంటికి తిరిగి వచ్చారు. వచ్చేటప్పుడు మూత మీద తెల్ల రంగుతో తన నంబరు, పేరు రాసి ఉన్న నల్ల ట్రంకు పెట్టెను, దానితోపాటు రెండు చెవుల్లో పగలూ రాత్రీ ఆగని రొదను వెంట తెచ్చుకున్నారు. ఆ చెవుల కోసం ప్రభుత్వం ఇవ్వవలసిన వైకల్య పింఛను మా ఇంటికి చేరింది మాత్రం 2023లో. పదహారేళ్లు పట్టిన ఈ వ్యవహారంలో కాగితాలన్నీ చదివి, అర్జీలు రాసి, ఆయన వెంట తిరిగినది నేను. తిరుపతిలో తెలుగు ఉపాధ్యాయినిగా పనిచేస్తున్నాను. ఈ సేవను వాడుకున్న కుటుంబం తరఫున దీని మంచిచెడ్డలు రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను, ఎందుకంటే మా చుట్టుపక్కల ఊళ్లలో పట్టాళంలో పనిచేసి వచ్చినవారికి ఇటువంటి పింఛను ఒకటి ఉందని తెలుసు గాని, అది ఏ మాట మీద వస్తుందో, ఏ మాట మీద పోతుందో తెలిసినవారు తక్కువ.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. డబ్బు విషయంలో ఈ పథకం న్యాయంగానే ఉంది. మా నాయన కాలంనాటి నియమాలు, వాటికి సుప్రీంకోర్టు చెప్పిన అర్థం సైనికుడి పక్షానే నిలబడ్డాయి. కాని ఆ న్యాయం తనంతట తాను సైనికుడి గడపకు నడిచి రాదు. డిస్చార్జి నాటి మెడికల్ బోర్డు కాగితంలో ఒక గడిలో రాసే రెండు మూడు మాటలను బట్టి ఆయన మిగిలిన జీవితమంతా నడుస్తుంది; ఆ మాటలకు అర్థమేమిటో ఆనాడు ఎదుట కూర్చోబెట్టుకుని విడమరచి చెప్పేవారు మా నాయనకు దొరకలేదు.

ఈ పింఛనులో రెండు భాగాలు ఉంటాయి. మొదటిది సర్వీసు భాగం, అంటే చేసిన నౌకరీకి వచ్చేది. రెండవది వైకల్య భాగం. వైకల్యం నూటికి నూరు శాతం అని తేలితే చివరగా తీసుకున్న వేతనంలో 30 శాతం వైకల్య భాగంగా వస్తుంది, అంతకు తక్కువైతే ఆ దామాషాలో తగ్గుతుంది. పింఛనుతో రిటైరైనవారి విషయంలో వైకల్యం కనీసం 20 శాతం ఉండాలి, అది సైనిక సేవ వల్ల కలిగినదై గాని, సేవ వల్ల ముదిరినదై గాని ఉండాలి. పట్టాళం వాళ్లు వాడే మాటల్లో చెప్పాలంటే ‘అట్రిబ్యూటబుల్’ గాని, ‘అగ్రవేటెడ్’ గాని కావాలి. ఈ రెండింటిలో ఏదీ కాదని బోర్డు రాసిందంటే వైకల్యం ఎంత ఉన్నా ఈ భాగం కింద ఒక్క రూపాయి కూడా రాదు.

లెక్క సులువుగా తెలియడానికి వేతనం 30,000 రూపాయలు అనుకుందాం. నూరు శాతానికి 9,000 వస్తుంది. 20 శాతానికి 1,800 మాత్రమే రావాలి. కాని ఇక్కడే ఈ పథకంలో నాకు అన్నిటికన్నా నచ్చిన నియమం ఒకటి ఉంది. దాన్ని ‘బ్రాడ్ బ్యాండింగ్’ అంటారు. వైకల్యం 50 శాతం కన్నా తక్కువ ఉంటే 50గా, 50 నుంచి 75 మధ్య ఉంటే 75గా, 76 నుంచి పైన ఉంటే 100గా లెక్కిస్తారు. అంటే 1,800 రావలసిన చోట 4,500 వస్తుంది, దాని మీద కరువు భృతి కూడా కలుస్తుంది. బోర్డులో కూర్చునే డాక్టర్ల అంచనా ఒకరికీ మరొకరికీ తేడాగా ఉంటుంది గనుక, ఆ తేడా సైనికుడికి నష్టం కాకుండా చూడడం దీని ఉద్దేశం. అయితే చాలా కాలం ఈ సదుపాయాన్ని వైకల్యం వల్ల మధ్యలోనే ఇంటికి పంపేసిన వారికి మాత్రమే ఇచ్చారు; సర్వీసు పూర్తి చేసుకుని, వైకల్యంతోనే రిటైరైన మా నాయనవంటి వారికి ఇవ్వలేదు. 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు ఆ భేదాన్ని తీసివేసింది. ఇంత పెద్ద మార్పు మా ఇంటికి తెలియడానికి ఇంకో ఐదేళ్లు పట్టింది.

ఇక ఆ కాగితం సంగతి. దాని పేరు ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16. డిస్చార్జికి ముందు జరిగే రిలీజ్ మెడికల్ బోర్డు నివేదిక అది. మా నాయన తన నకలును నాలుగు మడతలు వేసి, పాలిథీన్ కవరులో చుట్టి, ట్రంకు పెట్టె అడుగున పరిచిన పాత వార్తాపత్రిక కింద దాచారు. కార్బను పెట్టి రాసినది కాబట్టి మడతల దగ్గర నీలి అక్షరాలు అలికినట్టు అయిపోయాయి. కిటికీ దగ్గర వెలుతురుకు పట్టుకుని చదివితే, ఒక గడిలో రెండు చెవుల వినికిడి నష్టం అని, పక్కన 20 శాతం అని, ఇది జీవితాంతం ఉండేదని రాసి ఉంది. తరువాతి గడిలో, సేవ వల్ల కలిగినదా అన్న ప్రశ్నకు కాదు అని, సేవ వల్ల ముదిరినదా అన్న ప్రశ్నకు కూడా కాదు అని ఉంది. కారణాలు వివరించవలసిన చోట ఒకే ఒక్క వాక్యం ఉంది: సైనిక సేవతో సంబంధం లేదు. ఆ పేజీ చివర మా నాయన సంతకం, ఆయన ఇంగ్లీషులో నేర్చుకున్న ఒకే ఒక్క సంతకం, వంకర లేకుండా ఉంది.

ఆ నివేదికకు జతచేసిన ఆడియోగ్రాం, అంటే వినికిడి పరీక్ష పటం, నాకు ఎక్కువ బాధ కలిగించింది. కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలి ఇంటూ గుర్తులు పెట్టి, వాటిని కలుపుతూ గీతలు గీశారు. రెండు గీతలూ కొంతదూరం సాఫీగా వచ్చి, 4000 హెర్ట్జ్ దగ్గర గుంటలో పడ్డట్టు కిందికి దిగి, మళ్లీ కాస్త పైకి లేస్తాయి. పెద్ద శబ్దాల మధ్య పనిచేసినవారి చెవుల్లో సాధారణంగా కనబడే గుర్తు ఆ గుంటేనని మాకు చెవి ముక్కు గొంతు డాక్టరు ఒకరు తరువాత చూపించి చెప్పారు. ఏళ్ల తరబడి 105 మిల్లీమీటర్ల ఫిరంగి పక్కన, చెవుల్లో దూది పెట్టుకుని నిలబడిన మనిషి ఆయన. చేరిన రోజున చెవులు బాగున్నాయని పరీక్షించి రాసుకున్న కాగితం సైన్యం దగ్గరే ఉంది. వెళ్లే రోజున బాగాలేవని రాసిన కాగితం కూడా సైన్యానిదే. ఆ రెండింటి మధ్య ఇరవై నాలుగేళ్లు ఆయన ఎక్కడ ఉన్నారో బోర్డుకు తెలియనిది కాదు.

మీరు సంతకం పెట్టేటప్పుడు చదవలేదా అని నేను అడిగాను. ఇంటికి పోయే తొందరలో ఉన్నాం, రైలు టిక్కెట్లు చేతిలో ఉన్నాయి, పెద్దసారు చూపించిన చోటల్లా పెట్టినాం అన్నారు. ఆయనతోపాటు ఆ వారంలో డిస్చార్జి అయిన అందరూ అలాగే పెట్టారట. మరుసటి ఏడాది ఒక కార్యాలయం నుంచి, మీ వైకల్యం సేవకు సంబంధించినది కాదు గనుక క్లెయిమును తిరస్కరిస్తున్నాము, ఆరు నెలల్లోగా అప్పీలు చేసుకోవచ్చు అని ఉత్తరం వచ్చింది. అది ఇంగ్లీషులో ఉంది. ఆయన దాన్ని చదివించుకుని, సర్కారే కాదన్నాక మనం ఏం చెప్తాం అని, అదే పాలిథీన్ కవరులో పెట్టేశారు. నేను అప్పటికి డిగ్రీ చదువుతున్నాను. ఆ ఉత్తరం ఇంటికి వచ్చిన రోజు నేను చదివి ఉంటే అన్న ఆలోచన ఈనాటికీ నన్ను విడిచిపెట్టదు.

న్యాయం ఎంత స్పష్టంగా మా వైపు ఉందో తరువాత తెలిసింది. మా నాయన కాలానికి వర్తించే 1982 నియమాల ప్రకారం, చేరేటప్పుడు ఫలానా జబ్బు ఉందని రాయకపోతే ఆ మనిషి ఆరోగ్యంగా ఉన్నట్టే లెక్క. తరువాత వచ్చిన జబ్బు సేవ వల్ల వచ్చినదనే మొదట అనుకోవాలి. కాదని చూపించవలసిన భారం ప్రభుత్వానిది తప్ప సైనికుడిది కాదు. కాదు అంటే బోర్డు కారణాలు రాయాలి. ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు ఈ సంగతినే వివరంగా చెప్పింది. మరుసటి ఏడాది సుఖ్విందర్ సింగ్ కేసులో, వైకల్యం కారణంగా ఒకరిని సైన్యం నుంచి పంపించివేస్తే ఆ వైకల్యం 20 శాతానికి పైనే ఉన్నట్టు భావించాలని కూడా చెప్పింది. ఈ తీర్పులు వచ్చాక కూడా ఒక్కొక్కరూ విడివిడిగా అప్పీలు చేసుకుంటే తప్ప ప్రయోజనం అందకపోవడమే ఈ సేవలో అన్నిటికన్నా పెద్ద లోపమని నా అభిప్రాయం. చట్టం ఇలా ఉందని ప్రభుత్వానికి తెలిసినప్పుడు, పాత ఫైళ్లను తానే తిరగేసి, అర్హులకు ఒక ఉత్తరం రాస్తే ఎంతమంది ముసలివాళ్లకు తిరుగుడు తప్పేదో.

ఇక్కడ ఇంకో విషయం చెప్పాలి. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నియమాలు అమలులోకి వచ్చాయి. వైకల్యంతో రిటైరయ్యేవారికి వచ్చే ఈ భాగాన్ని వాటిలో ‘ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్’ అని పిలుస్తున్నారు. ఆ తేదీ తరువాత డిస్చార్జి అయినవారు మా నాయన కథను తమ కథగా తీసుకోకుండా, తమకు ఏ నియమాలు వర్తిస్తాయో ముందుగా చూసుకోవాలి.

2019 చివర మా నాయనతో పనిచేసిన ఒక నాయబ్ సుబేదారుగారు, చిత్తూరు దగ్గరి వారు, పెళ్లిలో కలిసి, హవల్దార్‌గారూ, మీకు చెవుల పెన్షను రాలేదా, నాకు వచ్చింది అన్నారు. ఆయన అన్న ఆ మాట రెండుసార్లు అడిగి చెప్పించుకున్న తరువాత గాని మా నాయనకు వినబడలేదు. ఇంటికి వచ్చి ట్రంకు పెట్టె తెరిచారు.

కాగితం ఆయన దగ్గర ఉంది కాబట్టి మాకు ఒక మెట్టు తగ్గింది. లేనివారు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో తమ రికార్డు కార్యాలయానికి దరఖాస్తు పెట్టి, మెడికల్ బోర్డు నివేదిక నకలు అడగవచ్చు. మేము మొదటి అప్పీలు పంపాము. ఆలస్యమైందని తిరస్కరించారు. మా నాయన ఆ ఉత్తరం చూసి మళ్లీ పెట్టె మూయబోయారు. ఈసారి నేను మూయనివ్వలేదు.

అటువంటప్పుడు వెళ్లవలసిన చోటు సాయుధ దళాల ట్రిబ్యునల్. 2007 చట్టం కింద ఏర్పడి, 2009 నుంచి పనిచేస్తున్న ఈ న్యాయస్థానానికి ఢిల్లీలో ప్రధాన ధర్మాసనం, దేశంలో పలుచోట్ల ప్రాంతీయ ధర్మాసనాలు ఉన్నాయి. మన ఆంధ్రప్రదేశ్ చెన్నై ధర్మాసనం కిందకు వస్తుంది. రాయలసీమలో చాలా జిల్లాలకు అది దూరాభారమే గాని, తిరుపతివారికి మాత్రం పొద్దున బయలుదేరి రాత్రికి ఇంటికి చేరగలిగినంత దగ్గర. ఈ సేవ మొత్తంలో నేను ఏ సంకోచం లేకుండా మెచ్చుకునే భాగం ఈ ట్రిబ్యునలే. ఒక న్యాయమూర్తి, సైన్యంలో ఉన్నత హోదాలో పనిచేసిన ఒక సభ్యుడు కలిసి కూర్చుంటారు. అందుచేత ఫిరంగి పక్కన నిలబడడం అంటే ఏమిటో అక్కడ కొత్తగా చెప్పుకోవలసిన పని ఉండదు. ఆలస్యాన్ని మన్నించమని వేరే అర్జీ పెట్టాము, మన్నించారు. వాదనలు ఇంగ్లీషులో జరిగాయి. మా నాయనకు ఆ భాష అంతగా రాదు, వచ్చినా వినబడదు. ఆయన నా పక్కన నిటారుగా కూర్చుని, ఎవరు మాట్లాడితే వారి పెదవుల వైపు చూస్తూ ఉన్నారు. నేను నా నోటు పుస్తకంలో, చేరేటప్పుడు చెవులు బాగున్నాయి కదా అని అడుగుతున్నారు నాయనా అని రాసి చూపించాను. ఆయన ఆ వాక్యం చదివి, ఎవరూ తనను అడగకపోయినా, లేచి నిలబడి, బాగున్నాయి సార్ అని గట్టిగా తెలుగులో చెప్పారు. న్యాయస్థానం నిశ్శబ్దమైపోయింది. కూర్చోమని చాలా మర్యాదగా చేయి చూపించారు.

తీర్పు మాకు అనుకూలంగా వచ్చింది. వైకల్యం సేవ వల్ల కలిగినదేనని, 20 శాతాన్ని 50గా లెక్కించి ఇవ్వాలని ఆదేశించారు. అయితే బకాయిలు అర్జీ వేసిన తేదీకి ముందు మూడేళ్ల నుంచి మాత్రమే. ఇది ఆ ధర్మాసనం కొత్తగా పెట్టిన నిబంధన కాదు. పింఛను ఇవ్వకపోవడం నెలనెలా కొనసాగే తప్పు కాబట్టి ఆలస్యంగా వచ్చినా హక్కు పోదని, కాని పాత బకాయిలు మూడేళ్లకు మించి ఇవ్వనక్కరలేదని 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మేము 2021 చివర అర్జీ వేశాము. అంటే 2007 నుంచి 2018 దాకా, పదకొండేళ్ల సొమ్ము మాకు దక్కలేదు. ఆ పదకొండేళ్లలోనే నా చెల్లెలి చదువు ఆగింది, చంద్రగిరి దగ్గర మాకున్న ఎకరంన్నర కుదువపెట్టాము. నెలకు రెండు మూడు వేలంటే చిన్న మొత్తంగా కనబడవచ్చు. ఆ రోజుల్లో మా ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. అందుకే ఇది చదివేవారు ఎవరైనా ఉంటే, అప్పీలు విషయంలో ఈ నెల, వచ్చే నెల అని వాయిదా వేయవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. ఆలస్యమైన ప్రతి నెలా ఒక నెల డబ్బు శాశ్వతంగా పోవచ్చు.

సవరించిన పింఛను ఉత్తర్వు, అంటే కొరిజెండం పీపీవో, 2023లో వచ్చింది. ఇప్పుడు రక్షణ శాఖ పింఛన్లన్నీ ‘స్పర్శ్’ అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా వస్తున్నాయి. దీనిలో మంచి ఏమిటంటే, ఏ నెల ఏ భాగం కింద ఎంత వచ్చిందో విడివిడిగా కనబడుతుంది. పూర్వం బ్యాంకు పుస్తకంలో ఒకే అంకె పడేది, అది ఎలా వచ్చిందో ఎవరికీ తెలిసేది కాదు. కష్టం ఏమిటంటే, పేరులో ఒక అక్షరం ఆధార్‌లో ఒకలా, సర్వీసు రికార్డులో మరొకలా ఉంటే దాన్ని సరిచేయించుకునే వరకు పని ముందుకు సాగదు. మన వైపు పేర్లకు ఈ చిక్కు తప్పదు. ఇంటిపేరు ముందో వెనకో, ‘రెడ్డి’కి ఎన్ని డీలో, ‘మునిస్వామి’లో ఏ అక్షరం ఎక్కడో, 1983లో భర్తీ చేసుకున్న గుమాస్తాకు తోచినట్టు రాసుకున్నాడు. తిరుపతిలో ఒక ఇంటర్నెట్ సెంటరులో దీన్ని సరిచేయడానికి పోతే, అక్కడి అబ్బాయి పుట్టిన తేదీ కూడా తప్పుగా కొట్టాడు. దాన్ని దిద్దించుకోవడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఆనాటి నుంచి ఏ దరఖాస్తునైనా పంపించే ముందు తెర మీద ఉన్నదంతా నేను పైకి చదివిస్తాను.

ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. మా నాయన వేలిముద్రలు సేద్యం పనితో అరిగిపోయాయి. యంత్రం మీద పది వేళ్లూ మార్చి మార్చి పెట్టినా ఒక్కోసారి పడవు. 2021 నవంబరు నుంచి ముఖం చూపించి ఇచ్చే పద్ధతి వచ్చింది. ఇంట్లోనే ఫోను ఎదుట కూర్చుని, కన్ను ఆర్పితే అయిపోతుంది. వృద్ధులకు ఇంతకన్నా మేలు చేసిన చిన్న మార్పు నేను చూడలేదు. కాని ఏ సందేహం వచ్చినా ఫోన్ చేసి కనుక్కోమని చెప్పే పద్ధతి మాత్రం, చెవులు వినబడకపోవడం వల్లనే పింఛను తీసుకునే మనిషికి ఏ విధంగానూ పనికిరాదు. లిఖితపూర్వకంగా, అదీ తెలుగులో, అడిగి తెలుసుకునే ఏర్పాటు ఉండాలి.

మా ఇంటికి సంబంధించని ప్రయోజనాలను కూడా తెలుసుకున్నంతవరకు చెబుతాను. యుద్ధంలో గాయపడి, ఆ వైకల్యంతోనే సర్వీసు పూర్తి చేసి రిటైరైనవారికి నూరు శాతానికి వేతనంలో 30కి బదులు 60 శాతం లెక్కిస్తారు. నూరు శాతం వైకల్యంతో, ఎప్పుడూ ఒకరు పక్కన ఉంటే తప్ప గడవని వారికి సహాయకుడి భృతి విడిగా వస్తుంది. ఏడవ వేతన సంఘం తరువాత 2017లో దాన్ని నెలకు 6,750 రూపాయలు చేశారు. కాలు పోయినవారికి పుణేలో 1944 నుంచి ఉన్న కృత్రిమ అవయవ కేంద్రం, వెన్ను దెబ్బతిన్నవారికి ఖడ్కీలోని పునరావాస కేంద్రం ఉన్నాయి. వైద్యానికి 2003లో మొదలైన మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ ఉంది. మా నాయన వినికిడి యంత్రం దాని ద్వారానే వచ్చింది. ఇప్పుడు అగ్నివీరులుగా చేరుతున్న పిల్లలకు పింఛను లేదు. వారికి సేవ వల్ల వైకల్యం కలిగితే, 100, 75, 50 శాతం మెట్లను బట్టి 44 లక్షలు, 25 లక్షలు, 15 లక్షలు ఒకేసారి ఇచ్చే ఏర్పాటు ఉంది. తమ పిల్లలను అగ్నిపథ్‌కు పంపే తల్లిదండ్రులు ఈ తేడాను ముందే తెలుసుకుని ఉండాలి.

ఒక పొరపాటు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మా వీధిలోనే ఇద్దరు దీనివల్ల తిరిగి తిరిగి అలిసిపోయారు. సైన్యం ఇచ్చే శాతం వేరు, రాష్ట్ర ప్రభుత్వ సదరం శిబిరంలో ఇచ్చే శాతం వేరు. సైనిక పింఛనుకు 20 శాతం చాలు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద రిజర్వేషన్ల వంటి వాటికి 40 శాతం కావాలి. అందుచేత మెడికల్ బోర్డు కాగితం చూపించి రాష్ట్ర పథకం అడిగినా, సదరం ధ్రువపత్రం చూపించి సైనిక పింఛను పెంచమని అడిగినా పని జరగదు. ఎవరి పరీక్ష వారిదే.

సహాయం కోసం ఎవరి దగ్గరికి వెళ్లాలన్న ప్రశ్నకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమే మొదటి సమాధానం. అర్జీ ఏ రూపంలో ఉండాలో అక్కడ డబ్బు తీసుకోకుండా చెబుతారు, కేంద్రీయ సైనిక బోర్డు ఇచ్చే ఆర్థిక సహాయాల దరఖాస్తులు కూడా వారి ద్వారానే పోతాయి. 2025 జులై 26న జాతీయ న్యాయ సేవల సంస్థ వీర్ పరివార్ సహాయతా యోజన అనే పథకాన్ని మొదలుపెట్టి, సైనిక బోర్డుల్లో ఉచిత న్యాయ సహాయ కేంద్రాలు పెడుతోంది. ఈ పథకం మా కాలంలో ఉండి ఉంటే మాకు వకీలు ఖర్చు తగ్గేది. జిల్లా కార్యాలయం సంగతి తెలియక మేము మొదట పోయింది ఒక ఏజెంటు దగ్గరికి. వచ్చిన బకాయిల్లో మూడో వంతు తనకు ఇవ్వాలని, ముందుగా రెండు ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టాలని అడిగాడు. నా తండ్రి ఒకసారి చదవకుండా సంతకం పెట్టి ఇన్నేళ్లు పోగొట్టుకున్నారని, ఇంకోసారి పెట్టరని చెప్పి లేచి వచ్చేశాను.

ఐదు మార్కులకు ఎన్ని ఇస్తావని ఎవరైనా అడిగితే, డబ్బుకు, దాని వెనక ఉన్న నియమాలకు నాలుగున్నర ఇస్తాను. ట్రిబ్యునలుకు ఐదు. డిస్చార్జి రోజున సైనికుడికి అతని హక్కులను అతని భాషలో చెప్పే విషయంలో ఒక్క మార్కు కూడా ఇవ్వలేను. ఆ ఒక్క అరగంట సరిగ్గా జరిగితే మిగిలిన తిరుగుడు చాలామందికి అవసరమే ఉండదు. మెడికల్ బోర్డు నివేదికతో ఒక పేజీ తెలుగు అనువాదం జతచేయడానికి ఎంత ఖర్చవుతుంది? శాతం ఇంత, సేవ వల్ల కలిగినదా లేదా అన్న చోట మేము ఇలా రాశాము, ఒప్పుకోకపోతే ఆరు నెలల్లో ఫలానా చోటికి రాయండి అన్న నాలుగు వాక్యాలు చాలు.

మొన్న సంక్రాంతికి సెలవు మీద వచ్చిన మా వీధి కుర్రవాడు, మార్చిలో డిస్చార్జి కాబోతున్నవాడు, మోకాలికి ఆపరేషను అయినవాడు, మా నాయనను చూడడానికి వచ్చాడు. నాయన వినికిడి యంత్రం సరిచేసుకుని, ట్రంకు పెట్టె తెరిచి, ఆ నీలి కార్బను కాగితాన్ని మంచం మీద పరిచారు. ఏ గడిలో ఏముంటుందో వేలితో ఒక్కొక్కటే చూపించారు. కుర్రవాడు ఫోనులో దాన్ని ఫోటో తీసుకున్నాడు. పెద్దసారు కలం చేతికిచ్చినప్పుడు ఈ గడి ఒకటి చదువు అబ్బీ, కాదు అని ఉంటే ఒప్పుకోనని పక్కన రాసి, అప్పుడు పెట్టు సంతకం అని మా నాయన చెప్పారు. చెవులు వినబడనివారు మాట్లాడేటట్టు చాలా గట్టిగా చెప్పారు. వీధి చివరిదాకా వినబడి ఉంటుంది.